పిన్ని నాటిన నేల సరుగుడు

మా పిన్ని జ్ఞాపకార్థ కూడికకి సాలూరు నుంచి అరకు వెళ్ళాను. షామియానా కింద ముందు వరసలో నా చెల్లెలు కరుణ కూర్చుని, పాటకి గొంతు కలుపుతూనే ఏడుస్తోంది. వచ్చినవాళ్ళందరూ దాని దగ్గరికే వెళ్తున్నారు. దాని తలే నిమురుతున్నారు, దాని చేతులే పట్టుకుంటున్నారు. పక్క కుర్చీలోనే ఉన్నాను నేను. నాకూ ఆవిడ పిన్నే. కానీ నా కళ్ళలో తడి లేదు, ఉన్నట్టు నటించడం చేతకాలేదు. అరవై నాలుగేళ్ళ మనిషిని, ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి బుద్ధులు చెప్పినదాన్ని, ఆ పూట చెల్లెలి దుఃఖం చూసి కుళ్ళుకున్నాను. అంత ఏడుపు దానికి ఎలా దక్కింది, నాకెందుకు దక్కలేదు అని. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

దాని వైపు చూడలేక గట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. కరుణ ఇల్లు గట్టు మీద ఉంటుంది. గట్టు అంచు నుంచి కింద తారు రోడ్డు దాకా నేల కనపడకుండా ఒకటే మొక్క పరుచుకుని ఉంది. మోకాలి ఎత్తు దాటదు. పైకి లేవాలన్న ఆశే లేనట్టు పక్కలకి పాకుతుంది. ఆకులు సరుగుడు ఆకుల్లా సన్నగా ఉంటాయి గాని ముట్టుకుంటే గుచ్చుకుంటాయి. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, చలి ముదిరిన నెలల్లో మాత్రం కొసలకి కాస్త ఊదారంగు తిరుగుతుంది. నర్సరీ వాళ్ళు జూనిపర్ అంటారు. మా ఇంట్లో దాని పేరు నేల సరుగుడు. వలిసె చేల పసుపు పూలు చూడటానికి వచ్చే కార్లు ఇప్పుడు ఈ గట్టు దగ్గర కూడా ఆగుతాయి. కూడిక జరుగుతున్నంతసేపూ రోడ్డు మీద ఎవరో ఒకరు ఫోన్లు పట్టుకుని ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. సాలూరులో మా పెరట్లో కూడా పెంచుదామని ఇక్కడి నుంచి మూడుసార్లు మొక్కలు పట్టికెళ్ళాను. మూడూ మా ఎండకి మాడి చచ్చాయి. చచ్చిన ప్రతిసారీ కరుణ ఫోను చేసి ఓదార్చేది. ఆ ఓదార్పు విన్నప్పుడు ఒళ్ళు మండేది.

ఆ మొక్కని మొదట చూసింది ఈ ఇంట్లో కాదు. లోయకి అవతలి కొసన మిషను బడి ఉండేది, మా నాన్న అక్కడ మాస్టారు. బడి వెనక మాకిచ్చిన పెంకుటింట్లో రెండు గదులు, వంటకి ఒక చావిడి. చావిడి వెనకాల నేల దిగువకి జారిపోతూ ఉండేది. ఆ అంచున మా అమ్మ చిక్కుడు పాదు పెట్టింది. నాకు పదేళ్ళప్పుడు అమ్మకి మలేరియా వచ్చి మెదడుకెక్కింది. డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకెళ్ళారు, నాలుగో రోజున తిరిగి తెచ్చారు. కరుణకి అప్పుడు మూడేళ్ళు. ఆ తరవాత ఏడాది పాటు అది నా పిల్ల. పొద్దున్నే దాన్ని లేపి, పొయ్యి ముందు కూర్చోబెట్టి, కళ్ళు నులుముకుంటుంటే చోడి అంబలి తాగించేదాన్ని. అంబలిలో ఉల్లిపాయ ముక్క నంజుకోవడం నేర్పింది నేనే. తలకి ఆముదం రాసి, గట్టిగా రెండు జడలు వేసి, బడికి నాతోనే తీసికెళ్ళి బల్ల కింద కూర్చోబెట్టుకునేదాన్ని. ఎవరైనా ఎత్తుకోబోతే నా పరికిణీ పట్టుకుని వెనక్కి నక్కేది. అది నక్కిన ప్రతిసారీ నాకు ఎంత గర్వంగా ఉండేదో! అమ్మ పోయిన ఇంట్లో నన్ను నిలబెట్టింది ఆ గర్వమే.

ఇంట్లో మా నాయనమ్మ ఉండేది. ఉదయం ప్రార్థన కాగానే చావిడి గుమ్మంలో కూలబడి చుట్ట వెలిగించి, మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. పాస్టరుగారు ఎదురుగా వస్తే ఆ చుట్టని నోట్లోనే ఉంచుకుని, పెదాలు మూసి, తల ఊపుతూ స్తోత్రం చెప్పేది. చెవుల పక్కనుంచి పొగ వస్తోందని మేం నవ్వుకునేవాళ్ళం. నాన్న రెండో పెళ్ళి మాట ఎత్తినప్పుడు ఆవిడ కాదనలేదు. పిల్ల ఎవరో తెలిశాక మాత్రం చుట్ట తీసి పారేసింది.

"కొండోల పిల్లనా? మన సాలూరు ఒంపు ఆడగుంటలు నేరేట్రా నీకు?"

నాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "మనసు మంచిదమ్మా. పిల్లల్ని చూసుకుంటుంది," అన్నాడు, అంతే.

పేరు సువార్త. ఇక్కడి కొండదొర తెగ వాళ్ళ ఇంటి పిల్ల. ఆవిడ తండ్రి కొండమీది ప్రభుత్వ తోటలో మాలీ. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన రోజు ఆవిడ చేతిలో ఒక రేకుపెట్టె, చంకలో ఒక పాలపొడి డబ్బా. డబ్బాలో జానెడు మొక్క. వాళ్ళ నాన్న ఇచ్చాడట. నాయనమ్మ వంగి చూసి అడిగింది.

"ఏటే ఇది? కూరకొత్తాదా?"

"రాదండి."

"కాయ కాత్తాదా?"

"మనం తినీ కాయ కాయదండి."

"మరి పువ్వు?"

"పుయ్యదండి," అని ఆవిడ చిన్నగా నవ్వింది. "నేలని పట్టుకుంటాదండి."

అమ్మ పోయాక చిక్కుడు పాదు ఎండిపోయింది, పందిరి కూలిపోయింది. ఆ వానాకాలంలో, చావిడి వెనక అంచున ఉన్న ఎర్రమట్టి రోజూ కొంత దిగువకి కొట్టుకుపోతోంది. చావిడి గోడ కిందకి బొరియ పడింది. పిన్ని వచ్చిన వారానికే పందిరి గుంజలు పీకి, పొయ్యిలోకి కట్టెలుగా కొట్టి, ఆ చోట తన మొక్క నాటింది. నేను బడి నుంచి వచ్చేసరికి గుంజలు మండుతున్నాయి. ఆ మంట మీద వండిన అన్నం తిననని మొండికేశాను. ఎందుకో ఆవిడకి అర్థమైందో లేదో తెలియదు. కరుణ మాత్రం గబగబా తినేసింది. దాన్ని చూసి మొదటిసారి మనసు చివుక్కుమంది.

ఆ మొక్కని ఆవిడ పెంచిన తీరు చెప్పాలి. నేను ఎంత ఓర్వలేకపోయినా, కళ్ళార్పకుండా చూసిన పని అది. మామూలుగా మొక్క నాటితే పేడ వేస్తాం, చెంబుడు నీళ్ళు పోస్తాం. ఆవిడ గుంట తవ్వి, అడుగున గెడ్డవాగులోని గులకరాళ్ళు నింపి, పైన ఇసక కలిపిన మట్టి పోసింది. నాటిన మొదటి నెలలు తప్ప నీళ్ళు పొయ్యనిచ్చేది కాదు. "దీని కాళ్ళు తడిసుంటే కుల్లిపోద్ది. దాహంతో ఉంటేనే ఏరు లోపలికి ఎల్తాది," అనేది వేరు గురించి. చుట్టూ కలుపు మొలవకుండా ఎండుటాకులు, కాఫీ పొట్టు పరిచేది. పైకి నిలబడిన కొసల్ని గోటితో గిల్లేది. గిల్లితే పక్కలకి పాకుతుందట. గిల్లిన చెయ్యి వాసన వేసేది. కర్పూరం, టర్పెంటైను, తడిసిన కట్టె కలిపినట్టుండే వాసన అది. మెల్లగా ఇల్లంతా ఆ వాసనే అయింది. అన్నం కలిపినా, పక్క దులిపినా, నాన్న చొక్కా ఉతికి ఆరేసినా అదే. అంతకుముందు మా ఇంట్లో ఆముదం వాసన, నాయనమ్మ చుట్ట వాసన, వాటి కింద ఎక్కడో ఇంకా అమ్మ వాసన ఉండేవి. ఒకరోజు కరుణ తల వాసన చూస్తే ఆముదం లేదు. పిన్ని కొబ్బరినూనె రాసింది. జడలు కూడా రెండు కాదు, వదులుగా ఒకటి.

"నాకిలాగే బాగుంది," అంది కరుణ. "నువ్వు గట్టిగా లాగుతావు."

మొక్క మొదటి ఏడాది ఏమీ ఎదగలేదు. చావనూ లేదు. నాయనమ్మ రోజూ చూసి "ఇది పెరగదే, ఒగ్గేయ్" అనేది. రెండో ఏడాది మూరెడు పరుచుకుంది. కరుణ బడికి రావడం మానేసి పిన్ని వెంట గట్టు దగ్గరే ఉండేది. ఆవిడ కలుపు తీస్తుంటే ఇది ఎండుటాకులు తెచ్చి పరిచేది. ఇద్దరూ ఏవో కొండ మాటలు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నాకు ఆ మాటలు రావు. నేర్చుకోవచ్చు, కానీ నేర్చుకోలేదు.

ఒక సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. గట్టు దగ్గర ఆడుకుంటున్న కరుణ కాలు జారి ఆ మొక్క మీద బోర్లా పడింది. రెండు అరచేతులూ గీరుకున్నాయి. కెవ్వుమని లేచింది. ఎదురుగా నేను ఉన్నాను. పుస్తకాలు కింద పడేసి చేతులు చాచాను. పిన్ని ఇంకా దూరంగా, చావిడి గుమ్మంలో ఉంది. కరుణ నన్ను చూసింది. చూసి, నా చేతుల పక్కనుంచి పరిగెత్తి, "అమ్మా" అంటూ వెళ్ళి ఆవిడ కాళ్ళని చుట్టేసుకుంది.

పిన్ని దాన్ని ఎత్తుకుంటూ నా వైపు చూసింది. ఆవిడ ముఖంలో సంతోషం కనపడింది. వెంటనే దాన్ని దాచుకోబోవడమూ కనపడింది. సంతోషాన్నైనా క్షమించేదాన్నేమో, ఆ దాచుకోవడాన్ని క్షమించలేకపోయాను.

కాసేపటికి అందరూ ప్రార్థనకి ముందు గదిలో చేరారు. స్నానాలకని పెట్టిన కాగు పొయ్యి మీద మరుగుతోంది. పెద్ద చెంబుతో మూడుసార్లు ముంచి, మూడుసార్లూ ఆ మొక్క మొదట్లో పోశాను. ఆవిరితో పాటు ఆ వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. వెళ్ళి ప్రార్థనలో కూర్చున్నాను. నాన్న ఏం చదివాడో నాకు తెలియదు.

నాలుగు రోజులకి ఒక పక్కంతా ఇటుకరంగుకి తిరిగింది. కరుణ తనే పడి చంపేసిందనుకుంది. "నావల్లే, నావల్లే" అని వెక్కుతూ అన్నం మానేసింది. నా ముందు అది అలా ఏడుస్తుంటే, నా కోసమైతే ఇలా ఏడ్చేదా అని ఆలోచిస్తున్నాను. నాలుగేళ్ళప్పుడు నా పక్కలో పడుకున్న పిల్ల అది!

మర్నాడు పొద్దున్న పిన్ని నన్ను గట్టు దగ్గరికి పిలిచింది. కత్తితో మాడిన కొమ్మలు నరుకుతోంది. తల ఎత్తకుండానే అంది.

"పెద్దపాపా, మరిగిన నీళ్ళు పిచ్చిగడ్డికి పొయ్యాల. ఏరుతో సస్తాది. మొక్కకి కాదమ్మా."

నాన్నకి చెబుతుందని ఎదురుచూశాను.

"సిన్నదానికి నానేటి సెప్పీసినానో తెలుసా? ఎండకి మాడిందని సెప్పీసినాను. బేగి రా, ఈ కొమ్మ పట్టుకో."

బతికిన పక్క ఒక పొడుగు కొమ్మని నేలకి వంచమంది. వంచి పట్టుకున్నాను. ఆవిడ దాని అడుగుభాగం కొంచెం గీరి, పంగలకర్రతో నేలకి అదిమి, పైన మట్టి కప్పి, కదలకుండా రాయి పెట్టింది. అలా నాలుగు కొమ్మలకి చేయించింది. నా చేతులనిండా ముళ్ళు దిగాయి. "ఆర్నెల్లు ముట్టకు. ఏరు తొడిగినాక తల్లినుంచి కోసెయ్యొచ్చు. అప్పుడది దాని కాల్ల మీద అదే బతుకుద్ది," అంది.

ఆవిడ కొట్టి ఉంటే బాగుండేది. నాన్నకి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. నేను చెడ్డదాన్నని ఆవిడకి తెలుసు, ఆవిడ మంచిదని నాకు తెలిసింది. అది మరీ భరించలేని సంగతి. ఆవిడ మీద చెయ్యగలిగింది ఏమీ లేక, కరుణ మీద ఒక శిక్ష వేశాను. అంతకుముందు అది నిద్రపోయే ముందు "అమ్మ గురించి చెప్పక్కా" అని అడిగేది, నేను చెప్పేదాన్ని. ఆ రోజు నుంచి ఆపేశాను. అడిగితే "నీకు అమ్మ ఉందిగా" అనేదాన్ని. నాలుగైదుసార్లు అడిగి అది మానేసింది. అమ్మ నా ఒక్కదానిదే అయింది. ఆ ఇంట్లో పిన్ని తీసుకోలేనిది అదొక్కటే మిగిలింది మరి.

ఆ మరుసటి ఏడు సాలూరు హాస్టల్లో చేరాను. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ మొక్క ఇంకొంత నేల ఆక్రమించి ఉండేది. కోసి నాటిన నాలుగూ నాలుగు దిక్కుల పాకి, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. గట్టు జారడం ఆగిపోయింది, చావిడి గోడ నిలిచింది. పిన్నికి పిల్లలు కలగలేదు. ఒకసారి నాయనమ్మ ఏదో కోపంలో "కాయ కాయనిదాన్ని, పువ్వు పుయ్యనిదాన్ని తెచ్చి ఇంట్లో ఎట్టినాడు నా కొడుకు," అంది. మొక్క గురించి కాదని అందరికీ తెలుసు. పిన్ని చేట పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళ కరుణ మాత్రం నాయనమ్మ ముందు నిలబడి, "నేనున్నాను కదా, నేను కాయని కానా?" అని అరిచింది. నాయనమ్మ నోట చుట్ట ఆరిపోయింది. తలుపు పక్కన నిలబడి విన్నాను నేను. నా కోసం ఎవరూ ఎప్పుడూ అలా అరవలేదు.

నాన్న రిటైరయ్యాక ఆ ఇల్లు వదిలేయాల్సి వచ్చింది. పిన్ని తన పుట్టింటి వాళ్ళ స్థలంలో, ఇప్పుడున్న గట్టు మీద, చిన్న ఇల్లు వేయించింది. మొక్కని మాత్రం వదల్లేదు. అంటు తొక్కిన కొమ్మలు గోనెసంచుల్లో చుట్టి, కరుణా తనూ నెత్తిన పెట్టుకుని లోయ దాటించారు. తరవాత తన మేనల్లుడికే కరుణనిచ్చి చేసింది, అంటే కూతురు ఎక్కడికీ పోకుండా దగ్గరే ఉంచుకుంది. నేను పెళ్ళయి సాలూరులో ఉద్యోగం, పిల్లలు, పండగలకి ఫోను. పిన్ని ఫోనులో ఎప్పుడూ ఒకే మాట అడిగేది, "పెద్దపాపా, బువ్వ తిన్నావా?" అని. నేను "తిన్నాను" అనేదాన్ని. ఆ తరవాత ఇద్దరికీ మాట దొరికేది కాదు. కరుణతో అయితే పొద్దస్తమానం ఏం మాట్లాడుకునేవారో!

ఆ రోజుల్లో లోయలో ఇలాంటి మొక్క ఇంకెక్కడా చూసిన గుర్తు లేదు. ఇప్పుడు ప్రతి రిసార్టు గేటు ముందూ ఉంటుంది. నర్సరీలో నల్ల ప్లాస్టిక్ సంచిలో కొనుక్కొచ్చి, పక్కపక్కనే కిక్కిరిసి నాటి, వారానికే గట్టు పచ్చబడాలని రోజూ పైపుతో తడుపుతారు. కాళ్ళు కుళ్ళి చస్తే మళ్ళీ కొంటారు. ఓపిక లేని కాలం అని వాళ్ళని తప్పుపట్టబోయి ఆగిపోతాను. సాలూరులో నేను చంపిన మూడింటికీ నిజం చెప్పాలంటే ఎండ ఒక్కటే కారణం కాదు. పాకుతోందా లేదా అని రోజూ మట్టి కెలికి చూసేదాన్ని. పిన్ని చేతుల్లో పెరిగింది నా చేతుల్లోనూ పెరగాలన్న పంతంతో నీళ్ళు కూడా ఎక్కువే పోశాను.

కూడిక అయిన మర్నాడు పొద్దున్నే కరుణ గట్టు మీద కలుపు తీస్తుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. కొమ్మలెత్తి కింద మొలిచిన గడ్డి పీకుతున్నాం. అప్పుడు నేనే అన్నాను.

"నిన్న నిన్ను చూసి ఓర్వలేకపోయానే."

"నన్నా? దేనికి?"

"నీకు ఏడవడానికి ఒక అమ్మ ఉంది."

కరుణ చేతిలోని గడ్డి పక్కన పెట్టింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. దాని గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అక్కా, నాకు మనమ్మ మొహం గుర్తులేదు. గొంతు గుర్తులేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నువ్వు పదేళ్ళు చూశావు. పదేళ్ళు! చిన్నప్పుడు నువ్వు నిద్రపోతుంటే నీ మొహంకేసి చూసేదాన్ని, ఇందులో అమ్మ ఎక్కడైనా ఉందేమోనని. అడిగితే చెప్పేదానివి కాదు. నీకున్నది నాకు ఇవ్వవని ఎంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు? ఈ అమ్మని అడిగితే, 'నానెరగనమ్మా, అక్కనడుగు, అక్కకాడ ఉంది' అనేది. చచ్చిపోయేముందు కూడా అదే అంది. అక్కనడుగమ్మా అంది."

నేను ఇన్నేళ్ళూ దాచింది దేనినో అప్పుడు తెలిసింది. ఎవరికీ ఇవ్వకుండా దాచి దాచి, నేనే సగం మరిచిపోయాను. ఆ క్షణంలో వెతుక్కుంటే అమ్మ ముఖం నాకూ మసకగానే దొరికింది. భయమేసింది.

"ఒక్కటి చెప్పు," అంది కరుణ. "ఏదైనా సరే."

కళ్ళు మూసుకున్నాను. మొదట దొరికింది చెప్పాను.

"అమ్మకి పాట వచ్చేది కాదు. కానీ మిషను గుళ్ళో అందరికంటే గట్టిగా పాడేది. ఒక చోట మొదలెట్టి ఇంకో చోటికి పోయేది. నాన్న సిగ్గుపడి మెల్లగా బెంచీ చివరికి జరిగేవాడు. అమ్మ చూసి, ఆయన పక్కకి జరిగి ఇంకా గట్టిగా పాడేది."

కరుణ నోరు తెరిచి చూస్తోంది.

"నిన్న కూడికలో నువ్వు పాడావు చూడు," అన్నాను. "అచ్చం అదే. ఆ శ్రుతి తప్పడం, ఆ రాగం తీసుకుపోవడం. నాకు శ్రుతి తప్పదు. ఎంత ప్రయత్నించినా రాదు. అది నీకొక్కదానికే వచ్చింది."

ఆ మాట అంటుంటే లోపల మళ్ళీ అదే పాత మంట లేచింది. అయినా చెప్పేశాను. ఇన్నేళ్ళలో నేను దానికిచ్చింది అదొక్కటే.

"నిజంగా?" అంది.

"నిజంగా. ఏదీ, పాడు."

రోడ్డు మీద కారు ఆపుకున్నవాళ్ళు చూస్తున్నారని కాసేపు సిగ్గుపడింది. తరవాత గొంతు సవరించుకుని ఎత్తుకుంది. రెండో చరణానికల్లా రాగం ఎటో వెళ్ళిపోయింది. నా వేళ్ళు గడ్డి పీకడం మరిచిపోయాయి. ముందురోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అది ఎవరి కోసమో నేను వెతకలేదు. కరుణ పాట ఆపబోయింది.

"ఆపకు," అన్నాను. "ఇంకా గట్టిగా."